లేడీసు సైకిలు బాడుగకు పొయ్యింది

చింతామణి
14-6-1961

ప్రియమైన సులోచనకు,

నీ కార్డు నిన్న సాయంకాలం టపాలో వచ్చె. నాలుగే లైన్లు రాస్తివి. ఇంకమీద కవరు కొనుక్కో, దుడ్డు నేను పంపిస్తా. ఇక్కడ నాకు ఒంట్లో బాగుండాది, అమ్మకు మోకాలు నొప్పి ఎప్పటి మాదిరే. నీకు ఆ ఊరి నీళ్ళు పడినాయా లేదా రాయలేదే?

నువ్వు చిక్కబళ్ళాపురంలో మీ చిన్నమ్మ ఇంట్లో దిగి రెండు వారాలయ్యె. అమ్మ దినామూ అడగతాది, "పెండ్లయి ఆరేండ్లకు కోడలికి చదువేంది నాయనా" అని. చెప్తిని: "అమ్మా, ముఖ్యసేవిక అంటే చిన్న పని కాదు. తాలూకాలో గ్రామసేవికలు ఎందరుండారో అందరికీ పైన ఆఫీసరమ్మ. ఊర్లలో ఆడవాళ్ళకు బిడ్డల సాకుడు, వంటా, శుభ్రమూ అన్నీ చెప్పించే పని. పైనుంచి జీపులో దొరలు వస్తే ఇంగ్లీషులో మాట్లాడల్ల, అందుకే నోటి పరీక్ష పెడతారు. దానికే రిటైరైన టీచరు అంబుజమ్మ మేడం దగ్గర తర్ఫీదు." అమ్మకు సగం అర్థమయ్యె. మిగతా సగం ఎదురంగడి గంగాధరప్పకు అర్థమయ్యె, గుడ్డలు కొలిచేది విడిచిపెట్టి మన అంగట్లో వచ్చి కూర్చోనుండె. "శెట్టీ, పెండ్లాం ఆఫీసరైతే నువ్వు ఆమె బ్యాగు మోస్తావా" అనె. "మోస్తా, నీకేం నొప్పి" అంటి. ఇద్దరం నవ్వితిమి.

అది అట్లుండనీ. మేడం నిన్ను సైకిలు గురించి ఇంగ్లీషులో చెప్పమంటే "టూ వీల్స్ మేడం" అని చెప్పి కూర్చుంటివంట! సులోచనా, ముప్పై రెండు బాడుగ సైకిళ్ళుండే ఆసామి పెండ్లానివి నువ్వు. ఆయుధపూజకు ముప్పై రెండిట్లికీ పసుపు కుంకుమ పెట్టేది నీ చెయ్యే కదా. అట్లాదానివి రెండు చక్రాలని చెప్పి నిలిపేస్తావా? అయినా సేవికల ఉద్యోగానికి సైకిలు మాటెందుకు వచ్చె? అదొకటి అర్థం కాలేదు. అడిగి రాయి. నీకేం కావల్లనో అడుగు, సైకిలు సంగతి నన్ను మించినోడు ఈ జిల్లాలో లేడు.

గిరాకీ వచ్చినాడు, పంచరు. మిగతాది రేపు రాస్తా అనుకుంటే టపా పోతాది. అందుకే ఇంతే.

నీ పట్టాభిరామ

*

చిక్కబళ్ళాపురం
23-6-1961

ప్రియమైన మీకు,

సులోచన నమస్కారాలు. నీళ్ళు పడినాయి. అత్తకు చెప్పండి, మోకాలికి ఆముదం కాచి రుద్దుకోమని, చల్లది కాదు.

సైకిలు ఎందుకంటే చెప్తా వినండి. ముఖ్యసేవికకు పన్నెండు ఊర్లు ఇస్తారంట. బస్సు అన్ని ఊర్లకూ పోదు. సర్కారు సైకిలు ఇస్తాది, దానిమీద తిరగల్ల. అందుకే పోయినసారి ఇంటర్వ్యూలో సగం ప్రశ్నలు సైకిలు మీదే అడిగినారంట. మేడం దగ్గర మేము నలుగురం. అందర్లోనూ నాకే సిగ్గు. సైకిలు మంచిదా అని అడిగితే "ఎస్ మేడం" అంటి. "నీ జవాబు వాకిలి తట్టి పారిపోయినట్లుండాది. నిలబడు. ఎందుకు మంచిది? ఎవరికి? ఏ దినం? ఒక మనిషిని చూపించు" అని అరిచె.

ఒక మనిషిని యాడ చూపించేది? నేను లోపల వంటింట్లో ఉంటా, సైకిళ్ళు ముందర అంగట్లో ఉంటాయి. ఆరేండ్లలో నేను విన్నది బెల్లు శబ్దమే. మీరే రాయల్ల. తెలుగులో రాయండి, నేను ఇంగ్లీషు చేసుకుంటా.

ఇంకొకటి. డిసెంబరుకు నాకు ఇరవై అయిదు నిండుతాయి. ఆమీద అర్జీ తీసుకోరు. మళ్ళీ పరీక్ష రెండేండ్లకు. ఇదొక్కటే నాకుండేది. మీకు తెలిసే ఉంటాది, అయినా రాస్తాండా.

మీ సులోచన

*

చింతామణి
2-7-1961

ప్రియమైన సులోచనకు,

మనిషిని చూపించల్లనా? తీసుకో.

కైవార పక్కనుంచి గోవిందప్ప అని ఒక రైతు పట్టుగూళ్ళు తెస్తాడు. క్యారియరు మీద మూట, హ్యాండిలుకు రెండు పక్కలా రెండు మూటలు, మనిషి నడిమధ్య కనపడనే కనపడడు. పోయిన వారం సంతకు వచ్చేటప్పుడు మన అంగడి ముందరే పంచరయ్యె. ఆ మనిషి మొగం చూడల్ల నువ్వు! గూళ్ళు రెండు దినాలకు మించి పెట్టుకునేదానికి లేదు, పురుగు లోపల్నుంచి తొలుచుకోని బయటికి వస్తాది, దారం తెగిపోతాది. నేను ట్యూబు ఊడబీకి తొట్టి నీళ్ళలో ముంచి చూస్తే బుడగలు రాలేదు. చెయ్యి పెట్టి పిండితే సన్నగా ఒకటి వచ్చె. చూడల్లంటే ఓపిక ఉండల్ల. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను పూసి, ఊది ఆరబెట్టి, ప్యాచి వేస్తి. అంతా పావుగంట. ఆయప్ప సంతకు పొయ్యె.

దీన్ని నువ్వు ఇంగ్లీషులో చెప్పు. నేనూ ఒక ముక్క చేసినా చూడు: "సర్, ది పంచర్ ఈజ్ స్మాల్, బట్ ది మార్కెట్ విల్ నాట్ వెయిట్." చిల్లు చిన్నదే గానీ సంత నిలవదు అని. ఎట్లుండాది? ఫోర్తు ఫారం చదివినోడి ఇంగ్లీషు. మేడంకు చెప్పు.

ఇంకా బ్రేకులు: ముందు బ్రేకు ఒకటే పట్టితే మనిషి ముందరికి పల్టీ. రెండూ పట్టల్ల, మొదట వెనకది. చైనుకు వారానికొకసారి నూనె, ఎక్కువ పోస్తే దుమ్ము పట్టుకుంటాది. గాలి బొటనవేలుతో వత్తి చూడల్ల. ఇవన్నీ రాసుకో, బట్టీ పట్టు.

పన్నెండు ఊర్లు తిరగల్ల అని రాస్తివి. అదంతా కాగితం మీద ఉండేది. ఆఫీసర్లు ఎవరు తిరగతారు? కచేరిలో కుర్చీ వేసుకోని కూర్చుంటే ఊర్లే నీ దగ్గరికి వస్తాయి. దాన్నేం మనసులో పెట్టుకోవద్దు.

నీ పట్టాభిరామ

*

చిక్కబళ్ళాపురం
20-7-1961

ప్రియమైన మీకు,

గోవిందప్ప గెలిచినాడు. మేడం కండ్లద్దాలు తీసి నా పక్క చూసి, "ఇప్పుడు మాట్లాడితివి" అనె. సంత నిలవదనే మాటకు తక్కిన ముగ్గురూ చప్పట్లు కొట్టిరి. మా ఆయన రాసింది అని చెప్పలేదు. దొంగిలించినట్ల అనిపించె, అయినా చెప్పలేదు.

కానీ ఈ వారం మేడం ఇంకొకటి పట్టుకునె. "సులోచనా, నువ్వు అంగడి మాదిరి మాట్లాడతాండావు, తొక్కేదాని మాదిరి మాట్లాడలేదు. అన్నీ బయటినుంచి చూసినవే. దిగుడులో పోయేటప్పుడు కడుపులో ఏమయితాది? ఎదురుగాలికి చీర ఏం చేస్తాది? వాళ్ళు అది అడగతారు" అనె.

అందుకే అడగతాండా. పోయిన ఉగాదికి మీరు బెంగుళూరునుంచి తెచ్చినారే లేడీసు సైకిలు, నడిమధ్య కడ్డీ లేనిది. దాన్ని బస్సుపైన వేసి పంపించండి. పది దినాలు చాలు. చిన్నమ్మ పట్టుకుంటానంటాది. ఇక్కడ మనల్ని ఎరిగినవాళ్ళు తక్కువ, మైదానం ఉండాది. నేను ఒకసారి కూర్చొని చూస్తే నా జవాబులు నావి అయితాయి.

చేతులెత్తి అడగతాండా అనుకోండి.

మీ సులోచన

*

చింతామణి
30-7-1961

ప్రియమైన సులోచనకు,

నీ జాబు రెండుసార్లు చదివితి. నువ్వు ఇంత బాగా రాస్తావని నాకు తెలీదు. ఇంట్లో ఉన్నప్పుడు "అన్నం పెట్టనా" అనేది ఒకటే మాట.

లేడీసు సైకిలు సంగతి చెప్తా. అది ఇప్పుడు సాయంకాలం బాడుగకు పోతాండాది. రైతుల ఇంటి పార్టీ, నెల దుడ్డు ముందే ఇచ్చినారు, మాట ఇచ్చి తప్పేది వ్యాపారం కాదు. పగలంతా ఖాళీనే గానీ బస్సుపైన వేస్తే కండక్టర్లు మూట విసిరినట్ల విసరతారు, ఫోర్కు వంగుతాది. ఆమీద దాని చైను కవరు కూడా సడలిండాది. అన్నీ సరి చేసినాక చూస్తాం.

అయినా నీకు కావల్సింది మాటలు కదా, అవి నేను పంపిస్తా, ఫోర్కు వంగే భయం లేదు. దిగుడు సంగతి విను.

నాకు పద్నాలుగేండ్లు. మా నాయన కైవారకు బాకీ వసూలుకు పంపించినాడు. తిరిగి వచ్చేటప్పుడు కైవార కొండ దిగుడు. కాళ్ళు పెడలు మీదనుంచి తీసేస్తి. కడుపు గొంతులోకి వస్తాది సులోచనా, నిజంగా వస్తాది, ఉయ్యాల పైనుంచి దిగేటప్పుడు మాదిరి, కానీ ఉయ్యాల తిరిగి వస్తాది, ఇది రాదు, పోతానే ఉంటాది. చెవుల్లో గాలి మాట్లాడతాది. దుమ్ము పండ్లలో. నవ్వుతాండావో అరుస్తాండావో నీకే తెలీదు. నన్ను ఎవరూ పిలిచేదానికి లేదు, పిలిచినా వినపడదు, మా నాయన కూడా పిలవలేడు. ఆ దినం తర్వాత నేను సైకిలు అంగడే పెట్టల్లని మనసు చేసుకుంటి.

దీన్ని నీదిగా చెప్పు. కొండ పేరు మార్చు, చీర కొంగు నడుముకు చెక్కుకుంటి అని ఒక మాట వెయ్యి. ఎవరు వచ్చి చూస్తారు? నోటి పరీక్ష అది. నోట్లో ఉంటే చాలు.

నీ పట్టాభిరామ

*

చిక్కబళ్ళాపురం
1-9-1961

ప్రియమైన మీకు,

దిగుడు బట్టీ పట్టినా. మేడం విని కండ్లు తుడుచుకునె. నేను ఆమె మొగం చూడలేకపోతిని.

ఇంటర్వ్యూ అక్టోబరు తొమ్మిదో తేదీ, ఇక్కడే, పొద్దున పది గంటలకు. కాగితం వచ్చె.

నాలుగు దినాల కింద చిన్నమ్మ ఇంటి పక్క మేష్ట్రు సైకిలు అడిగి తీసుకుంటిమి. మగవాళ్ళది. కడ్డీ ఉండాది కదా, చీర కట్టుకోని కాలు వేసేదానికి కాలేదు. గోడ పట్టుకోని ఎక్కితే చిన్నాయన వచ్చినాడు. "మీ ఆయనకు ముప్పై రెండు సైకిళ్ళు పెట్టుకోని నా ఇంటి వాకిట్లో ఈ ఆటేంది? పడితే ఆయనకు నేను జవాబు చెప్పల్ల. ఆయనే ఒకటి పంపిస్తే నేనెందుకు వద్దంటా" అనె. అబద్ధం చెప్పలేదు కదా ఆయన.

చైను కవరు సరి అయ్యెనా? సాయంకాలం పార్టీ నెల ముగిసె కదా? బస్సులో వద్దంటే మీరే తొక్కుకోని రండి, ఆదివారం. రాత్రి ఉండి పోవచ్చు. చిన్నమ్మ మిమ్మల్ని చూసి రెండేండ్లాయె.

మళ్ళీ అడగను. అడిగేదానికి నాకే బాగలేదు.

మీ సులోచన

*

చింతామణి
24-9-1961

ప్రియమైన సులోచనకు,

జవాబు ఆలస్యమయ్యె, కోపం చేసుకోవద్దు. అమ్మ మోకాలు ఒకపక్క, అంగడి ఒకపక్క. సాయంకాలాలు అసలు తీరిక లేదు. ఆ పార్టీ ఇంకో నెలకు కూడా కట్టినారు.

నేను ఊరికే కూర్చోలేదు. మన తాలూకా కచేరి గుమాస్తాను టీకి పిల్చి అడిగితి. "శెట్రే, నోటి పరీక్ష అంటే నోటి పరీక్షే. మేజా, కుర్చీలు, మూడు మందీ. సైకిలు తొక్కించేదానికి అదేం సర్కసా" అన్నాడు. చూస్తివా? నువ్వు ఊరికే భయపడతాండావు.

ఈ జాబుతో కూడా బస్సులో ఒక సంచి పంపిస్తాండా, కండక్టరుకు చెప్పిండా. దాంట్లో ఒక పెడలు, వెనక చక్రానికుండే ఫ్రీవీలు ఒకటి, రెండు వాల్వు ట్యూబులు, ఒక బ్రేకు రబ్బరు కట్ట, ఒక బెల్లు ఉండాయి. అన్నీ నూనె వేసి తుడిచినా. చేతిలో పట్టుకోని చూడు, తిప్పు, శబ్దం విను. ఫ్రీవీలు వెనక్కి తిప్పితే టిక్ టిక్ అంటాది, అది ఎందుకంటాదో వెనక కాగితంలో రాసినా. సైకిలంటే ఇవే కదా, ఇవన్నీ కలిపితే సైకిలు. నీ చేతికి అలవాటైతే నోటికి తానే వస్తాది.

నీలం చీర కట్టుకో, నీకు బాగుంటాది. పొద్దున పెరుగన్నం తిని పో. మొదటి ప్రశ్నకు తొందరపడవద్దు.

నీ పట్టాభిరామ

*

చిక్కబళ్ళాపురం
11-10-1961

మీకు,

ఇంటర్వ్యూ అయ్యె.

లోపల ముగ్గురు. ఇద్దరు మగవాళ్ళు, నడిమధ్య ఒక ఆఫీసరమ్మ, మైసూరు పక్క ఆమె. మీరు చెప్పినట్లే మేజా, కుర్చీలు. సైకిలు మీదే అడిగిరి. పంచరు చెప్పితి. సంత నిలవదు అంటే ముగ్గురూ నవ్వి రాసుకునిరి. రెండు బ్రేకులూ చెప్పితి. ఫ్రీవీలు ఎందుకు శబ్దం చేస్తాదో చెప్పితి. దిగుడు చెప్పితి, కడుపు గొంతులోకి వచ్చేది, గాలి చెవుల్లో మాట్లాడేది. ఒక్క మాట తడబడలేదు. ఆఫీసరమ్మ "ఈపొద్దు విన్నవాటిలో ఇదే మంచి ఇంగ్లీషు" అనె. నాకు ఏడుపు వచ్చినట్లాయె, సంతోషానికి.

ఆమీద ఆమె కిటికీ పక్క చూపించి, "బయట సైకిలు నిలబెట్టిండాము. జెండా కట్టె చుట్టూ ఒక చుట్టు వేసి రామ్మా. పనికి కావల్సింది అదే కదా" అనె.

లేడీసు సైకిలే. ముగ్గురూ మెట్ల మీదికి వచ్చి నిలబడిరి. నేను కొంగు నడుముకు చెక్కుకుంటి, మీరు రాసినట్లే. ఎడమ కాలు పెడలు మీద పెడితి. దాని పేరు, దాని బరువు, దాంట్లో గుండ్లు ఎన్నో అన్నీ నాకు తెలుసు. రెండో కాలు నేలమీదనుంచి లేచినాక ఏం చెయ్యల్లో తెలీదు. పడితిని. కుచ్చెళ్ళు చైనులో ఇరుక్కునె, జవాను వచ్చి చైను వెనక్కి తిప్పి విడిపించె. మోకాలు చీరుకుపొయ్యె. ఎవరో కాంపౌండులో నవ్విరి.

ఆఫీసరమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగె, "నువ్వు కొండ దిగినావంటివి కదా?" అని, ఇంగ్లీషులోనే. అప్పుడు బట్టీ పట్టనిది ఒకటి నా నోట్లోనుంచి వచ్చె.

"నో మేడం. మై హస్బెండ్ వెంట్."

ఆమె నా చీరమీది దుమ్ము దులిపి లోపలికి పొయ్యె.

కొళాయి దగ్గర కూర్చోనుంటే నా వెనక పిల్చినామె వచ్చె. ఆమె ఇంగ్లీషు నేను వాకిలి పక్కనుంచి వినుంటి, మూడు మాటలకొక కన్నడ మాట. కానీ జెండా కట్టె చుట్టూ రెండు చుట్లు వేసె, ఒక చెయ్యి విడిచి బెల్లు కొట్టె. పేరు మునిలక్ష్మమ్మ. కైవార దగ్గర ఊరు. అన్న అంజినప్ప చింతామణిలో ఉండాడంట, ఆయన ఇంట్లో ఉండి నేర్చుకునెనంట. మంచి మనిషి. తన చీర చెంగు తడిపి నా మోకాలు కడిగె. నేను ఏడుస్తాంటే చెప్పె:

"ఏడవద్దక్కా. నేనూ మొదట్లో శానా పడితి. చింతామణిలో సైకిలంగడి పట్టాభిరామశెట్టి అని ఉండాడు. దినామూ సాయంకాలం విత్తనాల మిల్లు వెనక మైదానంలో సీటు పట్టుకోని నా వెనకే పరిగెత్తె, మూడు నెలలు. ఆయన పంచె చినిగిపొయ్యె ఒకసారి. 'భయపడవద్దు తల్లీ, నేను పట్టుకునుండా' అంటానే ఉండె. ఆడపిల్లలు నేర్చుకోవల్ల అనె. నువ్వూ ఆయన దగ్గరికి పో అక్కా. ఎవరికైనా నేర్పిస్తాడు."

మీ పేరు నేను ఆరేండ్లలో ఒకసారీ పలకలేదు. ఆమె నిండు నోటితో పలికె. అది మా ఆయనే అని నేను చెప్పలేదు. ఎట్ల చెప్పేది?

ఉద్యోగం ఆమెకు వస్తాది. రావల్సిందే.

సులోచన

*

చింతామణి
16-10-1961

ప్రియమైన సులోచనకు,

నీ జాబు వచ్చి మూడు దినాలాయె. మూడు కాగితాలు రాసి చించేసినా. ఇది నాలుగోది, ఎట్లున్నా పోస్టు చేస్తా.

మునిలక్ష్మమ్మ గిరాకీ. గిరాకీ వచ్చి అన్నా పట్టుకో అంటే పట్టుకుంటాం. రేపు ఒకాయప్ప వచ్చి పట్టుకోమన్నా పట్టుకుంటా. ఆమె ఏదో సర్కారు పనికని చెప్పె, అది నీ పనే అని నాకు తెలీదు. దేవునిమీద ఆన. వాళ్ళ అన్న అడిగినాడు, నెల దుడ్డు పెట్టినాడు, నేను పరిగెత్తితి. దాంట్లో తప్పేముండాది?

ఇదంతా రాసినాక చదివి చూస్తే అంగడి మాటలే. నువ్వు అడిగేది ఇది కాదు కదా.

గంగాధరప్ప ఉండాడే. మునిలక్ష్మమ్మ మైదానంలో తొక్కేది చూసి, "శెట్టీ, ఊరి ఆడవాళ్ళను బాగా నేర్పిస్తాండావు, నీ ఇంటామెను ఎప్పుడు రోడ్డుకు తెస్తావు" అనె. అది తమాషాకు అన్న మాట. నేనూ నవ్వితి. కానీ ఆ దినం నుంచి ఆ సైకిలు నీకు పంపించేదానికి నా చెయ్యి ఆడలేదు. వేరేవాళ్ళ ఇంటి ఆడవాళ్ళు తొక్కితే బాడుగ. నా ఇంటి ఆడది తొక్కితే నేను అంగట్లో తల ఎట్ల ఎత్తేది అనుకుంటి. తప్పు అమ్మ మీద వెయ్యల్లని చూస్తి, అమ్మను అడిగితే "ఎక్కనీరా, పడితే లేస్తాది" అనేసె. అమ్మ సాకు కూడా లేకపొయ్యె.

ఇంకా ఒకటుండాది. చెప్పేస్తా. నువ్వు గెలవల్లనే ఉండె నాకు. ఒట్టు. నీ ఇంగ్లీషు కోసం అంగడి మూసి కూర్చొని రాసినా. కానీ నువ్వు నిజంగా సైకిలెక్కి పన్నెండు ఊర్లకు పోతే, ఆ దిగుడులో నన్ను ఎవరూ పిలవలేకపోయినట్లు, నిన్ను నేను పిలిచేదానికి లేకుండా పోతాది కదా అని ఉండె. రెండూ ఉండె. రెండోది ఉండాదని నీ జాబు చదివేదాకా నాకే సరిగ్గా తెలీదు.

లేడీసు సైకిలు రేపు పొద్దున బస్సులో వస్తాది. బాడుగ నిలిపేసినా. గోనెపట్టలు చుట్టి, నేనే పైకెక్కి తాళ్ళతో కట్టి పంపిస్తా. గాలి సరిగ్గా ఉండాది. చైను కవరుకు ఏమీ కాలేదు, ఎప్పుడూ ఏమీ కాలేదు.

రాబోయే పరీక్షకు వయసు తగ్గించి రాసే దోవ ఏమైనా ఉండాదేమో గుమాస్తాను అడగతాండా. నువ్వు తొందరగా ఇంటికి రా. నీకు ఏం కావల్లంటే అది చేస్తాం.

నీ పట్టాభిరామ

*

చిక్కబళ్ళాపురం
30-10-1961

మీకు,

సైకిలు చేరె. కండక్టరు మెల్లగానే దించె, ఏమీ వంగలేదు.

గుమాస్తాను ఏమీ అడగవద్దండి. వయసు దొంగ లెక్క రాసి వచ్చే పని నాకు వద్దు. మునిలక్ష్మమ్మకు బాగేపల్లి పక్క ఇచ్చినారు, గూళూరుతో కూడా పన్నెండు ఊర్లు. పోయేముందు వచ్చి నాకు చెప్పి పొయ్యె. ఎవరి పెండ్లాన్నో ఇప్పటికీ ఆమెకు తెలీదు. తెలిసేదీ వద్దు, ఆ పిల్ల ఏం తప్పు చేసె?

మీమీద అరవల్లని రాసేదానికి కూర్చుంటి. కాలేదు. మీరు చెడ్డవాళ్ళయితే సులభంగా ఉండు. మీరు రాసిన జాబులన్నీ నా దగ్గర ఉండాయి, ఇంత ప్రేమగా ఎవరి మొగుడూ రాసుండడు. చిన్నమ్మ చదివి, "ఇంతమంచోడు ఇట్ల ఎట్ల చేసె" అని అడగతాది. జాబులు మళ్ళీ మడిచి ట్రంకులో పెడితి.

ఇక్కడి శిశువిహారలో బిడ్డలను చూసుకునేదానికి ఒకరు కావల్లంట. జీతం తక్కువ. అంబుజమ్మ మేడం మాట్లాడతానంటాది. అది తేలేదాకా నేను వచ్చేది లేదు. ఆమీద సంగతి ఆమీద. అత్తకు నా నమస్కారం చెప్పండి. ఎక్కనీరా అనె కదా ఆమె. ఆ మాట నేను ముందే విని ఉంటే బాగుండు.

సైకిలు సంగతి చెప్పి ముగిస్తా. వచ్చిన మర్నాడు పొద్దున్నే చిన్నమ్మా నేనూ మైదానానికి పోతిమి. మొదటి దినం చిన్నమ్మ పట్టుకునె, నేను కదల్లేదు. రెండో దినం మూడుసార్లు పడితి. మూడో దినం చిన్నమ్మ చెయ్యి విడిచేసి చెట్టుకింద కూర్చోనుండాదని నేను చూసుకోలేదు, చానాదూరం పోయినాక తెలిసె. నాలుగో దినం నేనొక్కదాన్నే నందికొండ కనపడే రోడ్డులో మూడు మైళ్ళు పోయి తిరిగి వస్తి.

దిగి, సైకిలు గోడకు ఆనించి, మైదానంలోనే కూర్చొని ఏడిస్తి. పడినందుకు కాదు. జూను నెలనుంచి మీరు నాకు ఎన్ని మాటలు పంపినారు, నేను ఎన్ని బట్టీ పడితి. తొక్కేదానికి పట్టింది నాలుగు దినాలు. నాలుగే.

సులోచన